రెండు నక్కల ముచ్చట

జగిత్యాల నుంచి ఒక పాఠకురాలు ఇలా వ్రాశారు: "మా ఇంట్లో కంప్యూటరు ఉబుంటు లినక్స్ మీద నడుస్తుంది. ఈమధ్య ఒకే ప్రోగ్రాముకు రెండు బొమ్మలు కనబడుతున్నాయి. పిల్లలు ఒకటి నొక్కుతారు, నేను ఇంకొకటి నొక్కుతాను. రెంటిలో ఒకటి తీసివేస్తే నష్టమేమైనా ఉన్నదా?"

అమ్మా, ఉన్నదీ అనవచ్చు, లేదూ అనవచ్చు. మీ ఇంట్లోవి ఏ రకం రెండు బొమ్మలో తెలియకుండా "తీసెయ్యండి" అని నేను వ్రాసి, మీరు తీసేసి, తరువాత నన్ను తిట్టుకోవడం ఎందుకు? ఈ విషయంలో మా ఇంటిల్లిపాదీ ఒకసారి దెబ్బ తిన్నాము. ఆ సంగతి చెబుతాను. ముందు బొమ్మ అంటే ఏమిటో చూద్దాము.

కరీంనగర్ బస్టాండులో నిలబడితే 'మంచిర్యాల' అనే బోర్డు కనబడుతుంది. మంచిర్యాలకు పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా ఒక దారి. చొప్పదండి, ధర్మారం, రాయపట్నం, లక్సెట్టిపేట మీదుగా మరొక దారి. బోర్డు మీద అక్షరాలు ఒకటే. బోర్డు చూసి ఎక్కినవాడు ఏ ఊళ్ళ మీదుగా పోతాడన్నది బస్సును బట్టి ఉంటుంది. కంప్యూటరులో బొమ్మ కూడా ఇటువంటి బోర్డే. ప్రోగ్రాము అనే బస్సు వేరే చోట ఉంటుంది.

లినక్సులో ఈ బోర్డు ఒక చిన్న ఫైలు. దాని పేరు చివర చుక్క పెట్టి 'డెస్క్‌టాప్' అని ఉంటుంది. తెరిచి చూస్తే పది ఇరవై పంక్తుల మామూలు వ్రాత: ప్రోగ్రాము పేరు ఇది, బొమ్మ ఇది, నొక్కితే నడపవలసినది ఇది, అని. నడపవలసినదాన్ని చెప్పే పంక్తి 'ఎగ్జెక్' అనే మాటతో మొదలవుతుంది. లినక్సులో తెరల పద్ధతులు అనేకం. అన్నింటికీ ఒకే కట్టుబాటు ఉంటే బాగుంటుందని 2000లో హావొక్ పెన్నింగ్టన్ 'ఫ్రీడెస్క్‌టాప్' అనే ప్రయత్నం మొదలుపెట్టాడు. ఈ ఫైలు ఎలా ఉండాలన్న నియమం అక్కడిదే.

ఈ ఫైళ్ళు ఒకచోట ఉండవు, చిక్కంతా అక్కడే ఉన్నది. యంత్రానికంతటికీ చెందినవి 'యుఎస్ఆర్' లోపల 'షేర్', అందులో 'అప్లికేషన్స్' అనే ఫోల్డరులో ఉంటాయి. మీ ఒక్కరికే చెందినవి మీ హోమ్ ఫోల్డరులో, చుక్కతో మొదలయ్యే 'లోకల్', దానిలో 'షేర్', దానిలో మళ్ళీ 'అప్లికేషన్స్'. ఇవిగాక స్నాప్ పద్ధతిలో వచ్చిన ప్రోగ్రాములకు ఒక చోటు, ఫ్లాట్‌ప్యాక్ పద్ధతిలో వచ్చినవాటికి ఇంకొక చోటు. తెర ఈ చోట్లన్నీ తిరిగి చూసి బొమ్మలు గీస్తుంది. రెండు చోట్ల ఒకే పేరుగల ఫైలు దొరికితే మీ సొంత ఫోల్డరులోనిదానికే విలువ ఇచ్చి, రెండోదాన్ని వదిలేస్తుంది. ఫైలు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా రెండు బొమ్మలు గీస్తుంది. లోపల వ్రాసినది ఒకటేనా అని ఆరా తియ్యదు. పాపం, దానికంత తీరిక లేదు.

కాబట్టి జగిత్యాల సోదరి మొదట చెయ్యవలసినది ఇది. ఫైళ్ళు చూపే కిటికీ తెరిచి, హోమ్‌లో ఉండగా కంట్రోల్ మీట పట్టుకొని 'హెచ్' నొక్కండి. దాగిన ఫోల్డర్లు బయటపడతాయి. పైన చెప్పిన దారిన 'అప్లికేషన్స్' దాకా పోయి, ఆ ప్రోగ్రాము తాలూకు బోర్డు ఉన్నదేమో చూడండి. ఉంటే దాని 'ఎగ్జెక్' పంక్తిని, యంత్రపు ఫోల్డరులో ఉన్నదాని 'ఎగ్జెక్' పంక్తితో పోల్చండి. రెండూ ఒకే ప్రోగ్రామును పిలుస్తుంటే, బోర్డులు రెండు, బస్సు ఒకటి. మీ ఫోల్డరులోనిదాన్ని తీసి వేరేచోట దాచి, ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ లోపలికి రండి. రెండో బొమ్మ పోతుంది, మీ సొమ్ము ఏదీ పోదు.

తెలుగు తెర పెట్టుకున్న వారికి ఈ రకంలోనే ఇంకొక తమాషా జరుగుతుంది. బోర్డు ఫైలులో పేరు ఒక్క భాషలోనే ఉండదు. తెలుగు పేరుకు వేరే పంక్తి ఉంటుంది. 'స్వేచ్ఛ' వంటి సంస్థలవారూ, ఊరూ పేరూ తెలియని ఎందరో ఔత్సాహికులూ కూర్చుని అనువదించిన ఫలితం అది. ఎవరో ఆ ఫైలుకు నకలు తీస్తూ తెలుగు పంక్తి వదిలేశారనుకోండి. ఒక బొమ్మ కింద తెలుగు పేరు, మరొక బొమ్మ కింద ఇంగ్లీషు పేరు వస్తుంది. ఇవి రెండు వేరువేరు ప్రోగ్రాములని ఏళ్ళ తరబడి నమ్మినవారిని నేనెరుగుదును.

నిర్మల్ నుంచి వచ్చిన ఉత్తరం ఇంకొక రకం. ఆ విద్యార్థి ఆండ్రాయిడ్ స్టూడియో బొమ్మను ఎడమపక్కన ఉండే డాక్‌లో గుచ్చి పెట్టుకున్నాడు. దాన్ని నొక్కితే కింద రెండో బొమ్మ పుడుతున్నదట. ప్రోగ్రాము మూస్తే ఆ రెండోది మాయం. నాయనా, అక్కడ తీసివెయ్యవలసినదేదీ లేదు. తెరచుకున్న కిటికీ తన పేరు ఒకటి చెబుతున్నది, నీ బోర్డు మీద అది లేదు. పెళ్ళివారి జాబితాలో పేరు దొరక్క వేరే కుర్చీ వేసినట్టు, తెర దానికి వేరే బొమ్మ వేసింది. నీది గ్నోమ్ తెర అయితే, ఆల్ట్‌తో పాటు ఎఫ్2 నొక్కి, వచ్చిన గడిలో 'ఎల్ జి' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కొట్టు. 'విండోస్' అనే భాగంలో ప్రతి కిటికీ తన అసలు పేరు చెబుతుంది. ఆండ్రాయిడ్ స్టూడియో మామూలుగా చెప్పేది 'జెట్‌బ్రెయిన్స్-స్టూడియో' అని. బోర్డు ఫైలులో 'స్టార్టప్ డబ్ల్యూఎం క్లాస్' అనే పంక్తి వ్రాసి, సమానపు గుర్తు పెట్టి, ఆ పేరు పొల్లుపోకుండా ఎక్కించు. పాత బొమ్మను డాక్ నుంచి తీసి, కొత్తగా గుచ్చుకో.

ఇక మా ఇంటి సంగతి.

మా అక్క మంచిర్యాలలో ఉంటుంది. బావ బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. 2022లో ఉబుంటు కొత్త సంచిక ఎక్కించిన కంప్యూటరు కొనిపించి, రోజూ దానిముందు కూర్చునేవాడు. పెన్షన్ వివరాలూ, బ్యాంకూ, పిల్లల ఫీజులూ అన్నీ ఫైర్‌ఫాక్స్‌లోనే. సంకేతపదాలు ఆయనకు గుర్తుండేవి కావు. ఆ నక్కే గుర్తుపెట్టుకునేది. 2024లో బావ పోయాడు. మరుసటి ఏడు వినాయక చవితినాడు మా మేనల్లుడు తెర మీద రెండు నక్కలున్నాయని గమనించి, ఒకటి తీసేశాడు.

రెండో నక్కను తెచ్చినవాడూ వాడే. ఉబుంటు 22.04 సంచికలో ఫైర్‌ఫాక్స్ స్నాప్ పద్ధతిలోనే వస్తుంది. కాస్త నెమ్మదిగా తెరుచుకుంటున్నదని వాడు మొజిల్లా వారు 2024 నుంచి సొంతంగా ఇస్తున్న డెబ్ పద్ధతి ప్యాకేజీని ఎక్కించాడు. స్నాప్ వారి బోర్డు ఫైలు పేరులో 'ఫైర్‌ఫాక్స్' రెండుసార్లు వస్తుంది, డెబ్‌లో ఒకసారే. పేర్లు వేరు కాబట్టి తెర రెండు నక్కలను గీసింది. ఇక్కడ బోర్డులే కాదు, బస్సులూ రెండే. సామాను పెట్టుకునే అరలు కూడా వేరువేరు. స్నాప్ ఫైర్‌ఫాక్స్ తన సామానంతా హోమ్‌లో 'స్నాప్' అనే ఫోల్డరులో దాచుకుంటుంది. డెబ్‌ది అప్పట్లో చుక్కతో మొదలయ్యే 'మొజిల్లా' ఫోల్డరు. ఒకదాని అరలో ఏమున్నదో రెండోదానికి తెలియదు.

నెమ్మదిగా తెరుచుకునేదే కదా అనవసరమైనదని, టెర్మినల్‌లో నాలుగు మాటలు కొట్టి స్నాప్‌ను తొలగించాడు మేనల్లుడు. నక్క ఒకటే మిగిలింది. పని అయిపోయిందనుకున్నాడు.

అక్క చాలా రోజులు కంప్యూటరు ముట్టుకోలేదు. ఎంగిలిపూల బతుకమ్మనాడు నేను మంచిర్యాల వెళ్ళాను. గుమ్మంలోనే, "తమ్మీ, మీ బావ పెట్టినయన్నీ పోయినయ్ రా" అన్నది. పెన్షన్ సంకేతపదం పోయిందేమో, మళ్ళీ తీసుకోవచ్చు లెమ్మన్నాను. ఆమె ఏడుపు అందుకోసం కాదని అప్పుడు తెలిసింది. బావ బుక్‌మార్కుల్లో 'మీ అమ్మకు' అని ఒక ఫోల్డరు పెట్టాడట. అక్కకు ఇష్టమైన పాత పాటలు ఎక్కడెక్కడివో వెతికి, రోజుకొకటి చొప్పున అందులో చేర్చాడట. తాను లేనప్పుడు కొడుకు పెట్టి వినిపించడానికి.

"మామా, రెండున్నయని ఒకటి తీసేసిన, గంతే" అన్నాడు మేనల్లుడు. వాడి ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

ఇక్కడ స్నాప్ పద్ధతిలోని ఒక సదుపాయం మమ్మల్ని కాపాడింది. ఏదైనా స్నాప్‌ను తొలగించినప్పుడు, ఉబుంటు దాని సామానును మూటకట్టి తనంతట తాను దాచి ఉంచుతుంది. 'పర్జ్' అనే మాట కలిపి తొలగిస్తే మాత్రం మూట కట్టదు. ఆ మూటను మామూలుగా 31 రోజులు ఉంచి, తరువాత పారేస్తుంది. వేళ్ళమీద లెక్క పెట్టుకున్నాను. చవితి ఆగస్టు 27. ఎంగిలిపూలు సెప్టెంబరు 21. అప్పటికి 25 రోజులు. నేను దసరాకు వద్దామనుకుని, అక్క పిలిచిందని ముందే బయలుదేరాను. దసరాకే వెళ్ళి ఉంటే ఆ మూట ఉండేది కాదు.

టెర్మినల్‌లో 'స్నాప్ సేవ్డ్' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఒక పంక్తి వచ్చింది. మూట సంఖ్య, ఫైర్‌ఫాక్స్ పేరు. ముందు ఫైర్‌ఫాక్స్ స్నాప్‌ను తిరిగి ఎక్కించి, దాన్ని తెరవకుండానే, 'సుడో స్నాప్ రిస్టోర్' అని కొట్టి పక్కన ఆ సంఖ్య వేశాను. కొంతసేపటికి పని అయినట్టు తెలిసింది. పాత నక్కను నొక్కింది మేనల్లుడే. పైన బుక్‌మార్కుల వరుసలో 'మీ అమ్మకు' కనబడింది. "నక్కతోక తొక్కి వచ్చినవ్ మామా" అన్నాడు. నిజంగా నక్కే కదా అని నవ్వు వచ్చింది.

వెంటనే చేసిన పని: బుక్‌మార్కులన్నీ ఒక ఫైలుగా ఎగుమతి చేసి రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాము. సంకేతపదాల జాబితాను కూడా అలా తీయవచ్చును గాని, ఆ ఫైలును ఎవరు తెరిచినా చదవగలరు. పని కాగానే చెరిపెయ్యాలి, ఎక్కడా వదిలిపెట్టకూడదు.

జగిత్యాల సోదరీ, మీ ఇంట్లోవి కూడా రెండు నక్కలే అయితే ఒక్కొక్కదాన్ని తెరిచి, చిరునామా గడిలో 'అబౌట్', రెండు చుక్కలు, 'సపోర్ట్' అని కొట్టండి. 'ప్రొఫైల్ డైరెక్టరీ' అనే చోట సామాను ఎక్కడున్నదో దారి కనబడుతుంది. ఆ దారిలో 'స్నాప్' అనే మాట ఉంటే స్నాప్‌ది. చుక్కతో 'వార్', ఆ తరువాత 'యాప్' ఉంటే ఫ్లాట్‌ప్యాక్‌ది. రెండు నక్కలకూ దారులు వేరుగా వస్తే రెండింటిలోనూ బుక్‌మార్కులూ, సంకేతపదాలూ చూసి, ఒకదానిలోకి చేర్చుకున్న తరువాతనే రెండోదాని జోలికి వెళ్ళండి. తొలగించేటప్పుడు ఒక్కొక్కదాని స్వభావం ఒక్కొక్కటి. డెబ్‌ను తొలగిస్తే హోమ్‌లోని సామాను అలాగే పడి ఉంటుంది. ఫ్లాట్‌ప్యాక్ కూడా, సామానుతో సహా పొమ్మని ప్రత్యేకంగా చెబితే తప్ప, వదిలిపెట్టి పోతుంది. స్నాప్ మాత్రం సర్దుకుని పోతుంది.

తొలగించడం ఇష్టం లేక, కంటికి అడ్డం కాకుండా ఉంటే చాలుననుకుంటే ఇంకొక ఉపాయం ఉన్నది. ఆ బోర్డు ఫైలుకు పేరు మార్చకుండా నకలు తీసి మీ సొంత 'అప్లికేషన్స్' ఫోల్డరులో పెట్టి, మొదటి భాగం చివర 'నో డిస్‌ప్లే', సమానపు గుర్తు, 'ట్రూ' అని ఒక పంక్తి చేర్చండి. అక్షరాల మధ్య ఖాళీ ఉండరాదు. బొమ్మ కనబడదు, ప్రోగ్రాము ఉంటుంది. యంత్రపు ఫోల్డరులోని అసలు ఫైలును దిద్దవద్దు. కొత్త సంచిక రాగానే మీ దిద్దుబాటు కొట్టుకుపోతుంది.

ఆ సాయంత్రం అక్క తంగేడు, గునుగు పేర్చి బతుకమ్మ ఎత్తుకుని బయలుదేరబోతుంటే మేనల్లుడు అడిగాడు, "కొత్త నక్కను తీసేద్దునా మామా? దాంట్ల ఏం లేదు, చూసిన."

నేను సరేననేలోగా అక్క గుమ్మంలో ఆగి, "ఉండనియ్ రా నాల్గు రోజులు. ఏమైతది?" అన్నది.