మా నెత్తుటికి నందులు... మా నీళ్ల కథకు నిబంధనలా?



ఇరవై రెండు నిమిషాల సినిమా. తీసింది మా మార్కాపురం, గిద్దలూరు కాలేజీ పిల్లలు. కెమెరాలు లేవు, చేతుల్లో ఉన్న ఫోన్లే. హీరో లేడు. వెలిగొండ రిజర్వాయరు కింద మునిగే ఊళ్లో ఒక ముసలాయన, ఆయన గొడ్లు, ఆయన గడప. అంతే కథ. దాన్ని ఒక అంతర్జాతీయ లఘుచిత్రాల పోటీకి పంపారు. ఆ పోటీ పేరు ఇక్కడ రాయం. ఆ ఒక్కదాని మీద మాకు కోపం లేదు, అన్నిటిదీ అదే దారి.

కొన్ని వారాలకు జవాబొచ్చింది. మీ చిత్రాన్ని జాగ్రత్తగా పరిశీలించాం, ఎంపిక చేయలేకపోతున్నాం అని దాని సారాంశం. మా పిల్లలు పిచ్చోళ్లు కాదు. సినిమా లింకును ఎంతమంది చూశారో చెప్పే లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది. తెరిచి చూశారు. సున్నా! ఒక్కసారి కూడా తెరవకుండానే జాగ్రత్తగా పరిశీలించారన్న మాట. అయ్యా పెద్దలూ, ఇదేం దివ్యదృష్టి?

నియమాలు వద్దని మేం అనడం లేదు. పోటీ అన్నాక గడువుండాలి, నిడివి లెక్కుండాలి. కానీ ఆ ఎంట్రీ ఫారం ఒకసారి చదవండి. ఫీజు డాలర్లలో, అదీ కార్డు మీద. ఇంగ్లీషు సబ్ టైటిల్స్ తప్పనిసరి. 'ముంపు' అన్న మాటను ఇంగ్లీషులో ఎట్లా రాయాలో తెలియక మా పిల్లలు రెండు రాత్రులు కూర్చున్నారు. ఆ మాటలో ఉన్న ఏడుపు ఏ డిక్షనరీలోనూ దొరకలేదు. సెన్సారు సర్టిఫికెట్ కావాలంటే మన తెలుగుకు ఆఫీసు హైదరాబాదులో. ఇవన్నీ దాటితే గానీ జ్యూరీ ముందుకు సినిమా పోదు. అంటే తీర్పు జ్యూరీ దగ్గర మొదలు కాదు, ఫారం దగ్గరే మొదలవుతుంది. గుడి బయటే ఆపేసి, లోపల దేవుడు అందరికీ సమానమే అంటే నమ్మేదెవరు?

ఈ సినిమా సంగతులు సీమోళ్లకేం తెలుసు అంటారా? 1952లో బొంబాయిలో దేశంలోనే తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగింది. దక్షిణాది మొత్తం నుంచి అక్కడ ఆడిన సినిమా ఒక్కటే, 'పాతాళభైరవి'. తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిది కడప జిల్లా. ఆనాటి పండుగలో పోటీ లేదు. 1965లో మూడో ఉత్సవం నుంచే పోటీ పెట్టారు, జ్యూరీకి సత్యజిత్ రే పెద్ద. ఫారాలూ ఫీజులూ లేని కాలంలో సీమ బిడ్డలు ముందు వరుసలో నిలబడ్డారు. మరి ఇప్పుడు సీమ తెర మీద ఎక్కడుంది?

ఉంది! సుమోల్లో ఉంది, వేటకొడవళ్లలో ఉంది. 1999లో 'సమరసింహారెడ్డి' బాక్సాఫీసు బద్దలు కొట్టింది. ఇక ఆగలేదు. 2001కి ఉత్తమ నటుడి నంది 'నరసింహనాయుడు'కు, 2002కి 'ఇంద్ర'కు. వరుసగా రెండేళ్లు ప్రభుత్వమే ముఠాకక్షల కథలకు ముద్ర వేసింది. నటుల ప్రతిభను మేం తప్పు పట్టడం లేదు. జ్యూరీలో ఒక్కరన్నా 'ఈ ప్రాంతం మనుషులు ఇట్లాగే ఉంటారా' అని అడిగి ఉంటారా అన్నదే మా ప్రశ్న. 'ఇంద్ర'లో నీళ్ల మాట ఉంది, నిజమే. కానీ అక్కడ నీళ్లు హీరో త్యాగంతో వస్తాయి, హక్కుగా రావు. ఈ తేడా కనిపెట్టడానికి జ్యూరీలో సీమ మనిషి ఒకరుండాలి. ఆ సినిమాలు చూసే హైదరాబాదు హాస్టళ్లలో మా పిల్లలను 'బాంబులు తెచ్చావా' అని ఎగతాళి చేశారు. ఉద్యోగాలకు పోయిన మా అన్నలు ఊరి పేరు చెప్పడానికి వెనకాడారు. నంది ఒకరికి, నింద మాకు.

2017 నవంబరు గుర్తుందా? మూడేళ్ల నందులు ఒకేసారి ప్రకటించారు. 2014కి ఉత్తమ చిత్రం 'లెజెండ్', ఉత్తమ నటుడు బాలకృష్ణ. ఆయన అప్పటికే అధికార పార్టీ ఎమ్మెల్యే, ముఖ్యమంత్రికి వియ్యంకుడు. బాగా నటించలేదని మేం అనం. కానీ పాలకుల ఇంటి మనిషి పోటీలో ఉన్నప్పుడు, పాలకులు వేసిన కమిటీ తీర్పు చెబితే జనం ఏమనుకోవాలి? కేన్స్‌లో పోటీ సినిమా తీయడంలోనో, దాని వ్యాపారంలోనో చెయ్యి పెట్టిన మనిషి జ్యూరీలో కూర్చోకూడదని రాసిపెట్టారు. మన దగ్గర బంధుత్వానికి నిబంధన రాసేదెవరు? దర్శకుడు గుణశేఖర్ బహిరంగ లేఖతో నిలదీశారు. విమర్శించే వాళ్లకు ఇక్కడ ఆధార్ ఉందా, ఓటుందా అని నాటి మంత్రి లోకేశ్ ఎదురు ప్రశ్న వేశారు. సరే, మాకున్నాయి. మార్కాపురంలో ఆధార్ ఉంది, గిద్దలూరులో ఓటుంది. మేం అడుగుతున్నాం, ఇప్పుడు చెప్పండి!

నిబంధన ఎత్తేసినా దగా ఆగదని ఇంకో అనుభవం చెబుతుంది. 2004 ముంబయి అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవానికి విదేశీ చిత్రాలకు అక్కర్లేని సెన్సారు సర్టిఫికెట్ మన దేశపు చిత్రాలకు మాత్రం కావాలన్నారు. దర్శకులు ఏకమై తిరగబడితే వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ఏం చేశారు? గుజరాత్ మారణకాండ మీద రాకేశ్ శర్మ తీసిన 'ఫైనల్ సొల్యూషన్' లాంటి ప్రశ్నించే సినిమాలను ఎంపిక దగ్గరే కోసేశారు. వాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు. అదే ఊళ్లో 'వికల్ప్' పేరుతో పోటీ ఉత్సవం పెట్టి ఆడించారు. 2017 గోవాలో ఇంకా ఘోరం. జ్యూరీ ఎంపిక చేసిన 'ఎస్ దుర్గ', 'న్యూడ్' సినిమాలను ఢిల్లీ మంత్రిత్వ శాఖ తీసేసింది. జ్యూరీ పెద్ద సుజోయ్ ఘోష్ రాజీనామా చేశారు. మన అవార్డు కమిటీల్లో అట్లా కుర్చీ వదిలిన పెద్దమనిషి కోసం మేం ఇంకా ఎదురు చూస్తున్నాం.

ఇదంతా సినిమా గొడవేలే అని మా ఎన్జీవో మిత్రుడొకరు కొట్టిపారేశారు. కాదన్నా! ఆ ఫారంలో జిల్లా అని ఒక గడి ఉంది చూడు, మన కథంతా అక్కడే ఉంది. 1970 దాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లావి. ఒంగోలు జిల్లా కోసం తెంచుకుపోయారు. ఒంగోలుకు పోతే మేం సీమోళ్లం. సీమ అంటే నాలుగు జిల్లాలని లెక్క పెట్టే వాళ్ల దగ్గరికి పోతే కోస్తావాళ్లం. 2014లో రాష్ట్రం ముక్కలైనప్పుడు వెనుకబడిన ప్రాంతాల ప్యాకేజీకి ఏడు జిల్లాలను ఎంపిక చేశారు. నాలుగు సీమవి, మూడు ఉత్తరాంధ్రవి. ప్రకాశం లేదు! ఫ్లోరైడు నీళ్లు తాగి మా వాళ్ల కీళ్లు బిగుసుకుపోయినా, మేం వెనుకబడిన కేటగిరీలో ఎంట్రీకి అర్హులం కాలేదు. లింకు తెరవకుండా కొట్టేసిన సినిమాకూ మాకూ తేడా ఏముంది? మార్కాపురం జిల్లాకు 2025 నవంబరు దాకా ప్రభుత్వం ఒప్పుకోలేదు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు, 2024 మార్చిలో సొరంగాలు జాతికి అంకితమిచ్చారు. అప్పటికీ ముంపు ఊళ్ల పునరావాసం పూర్తి కాలేదు. ఆ ముసలాయన గడప మీదే కూర్చుని ఉన్నాడు. పిల్లలు తీసింది ఆయన్నే.

2014లో రాష్ట్రం తెచ్చుకున్న తెలంగాణ, ఆలస్యమైనా 2025లో గద్దర్ పేరుతో సినిమా అవార్డులిచ్చుకుంది. పైడి జైరాజ్, కాంతారావు పేర్లు కూడా నిలబెట్టుకుంది. మంచో చెడో, నిబంధనలు రాసే కలం వాళ్ల చేతిలో ఉంది. మా చేతిలో ఫారం ఉంది.

కాబట్టి అడుగుతున్నాం. అవార్డు సొమ్ము జనానిదైనప్పుడు జ్యూరీ పేర్లు ముందే ప్రకటించండి. ఎవరు ఏ సినిమా ఎన్ని నిమిషాలు చూశారో రాతపూర్వకంగా చెప్పండి. పోటీలో ఉన్నవాళ్ల బంధువులనూ, వ్యాపార భాగస్వాములనూ బయట కూర్చోబెట్టండి. సీమ నుంచి, పడమటి ప్రకాశం నుంచి మనుషులను జ్యూరీలోకి తీసుకోండి. విద్యార్థుల సినిమాలకు ఫీజు తీసేయండి. తెలుగు సినిమాను తెలుగులోనే చూసే మనిషి ఒక్కరినైనా ఎంపిక కమిటీలో పెట్టండి.

ఆ ఇరవై రెండు నిమిషాల సినిమాను మొన్న ఒక ముంపు ఊళ్లోనే, రెండు గుంజలకు దుప్పటి కట్టి వేశాం. ముసలాయన తనను తాను చూసుకుని, తన ఎద్దు బాగా కనపడిందన్నాడు. ఇప్పుడు అదే సినిమాను ఇంకో అంతర్జాతీయ పోటీకి పంపుతున్నాం. ఫీజుకు టీచర్లు, కాలేజీ పిల్లలు, పలకల పనివాళ్లు చందా వేశారు. లింకు లెక్క రోజూ చూస్తూనే ఉంటాం.