ప్రింటర్‌కు సొంత చిరునామా ఉండాలి

పదిమందికీ పనికివచ్చే ప్రింటర్ ఏ ఒక్కరి కంప్యూటర్ మీదా ఆధారపడకూడదన్నది చిన్న విషయంగా కనిపించినా, పాఠశాలల్లోనూ చిన్న కార్యాలయాల్లోనూ రోజువారీ పని సాగడమూ ఆగిపోవడమూ చాలాసార్లు దాని మీదే ఆధారపడి ఉంటాయి. చాలాచోట్ల ప్రింటర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ఒక గుమాస్తా కంప్యూటర్‌కు తగిలించి, విండోస్‌లో షేరింగ్ ఆన్ చేసి, మిగతా సిస్టమ్‌లను దానికి కలుపుతారు. అప్పుడు ఎక్కడి నుంచి ప్రింట్ ఇచ్చినా, అది ముందుగా ఆ గుమాస్తా కంప్యూటర్‌లోని స్పూలర్‌కు, అంటే వచ్చిన పనులను వరుసలో నిలిపి ఒక్కొక్కటిగా ప్రింటర్‌కు అందించే ప్రోగ్రాముకు చేరుతుంది. ఆయన సెలవు పెట్టి కంప్యూటర్ ఆన్ చేయకపోతే, కరెంటూ కాగితమూ టోనరూ అన్నీ ఉన్నా, స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చిన విద్యార్థి మర్నాడు మళ్లీ రావలసి వస్తుంది.

నిజానికి స్థానిక నెట్‌వర్క్ పుట్టుకలోనే ప్రింటర్‌ను పంచుకోవలసిన అవసరం ఉంది. 1973లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్‌కు రూపకల్పన చేసినప్పుడు, అక్కడి ఆల్టో కంప్యూటర్లను గ్యారీ స్టార్క్‌వెదర్ రూపొందించిన లేజర్ ప్రింటర్‌తో కలపడం ఆ ప్రయత్నపు లక్ష్యాల్లో ఒకటి. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ధర 6,995 డాలర్లు కావడంతో, పలు మెకింతోష్‌లు దాన్ని నేరుగా పంచుకునేలా నెట్‌వర్క్ సౌకర్యాన్ని ప్రింటర్‌లోనే అమర్చారు.

కంప్యూటర్ ద్వారా షేర్ చేసే పద్ధతిలో భద్రత సమస్య కూడా ఉంది. 2021 జూన్ చివరలో బయటపడిన ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం విండోస్ స్పూలర్‌లోనిదే; నెట్‌వర్క్‌లో ప్రవేశం సంపాదించిన దుండగుడు దాని ద్వారా కంప్యూటర్ మీద పూర్తి అధికారం పొందగలిగేవాడు కనుక, సాధారణ మద్దతు ముగిసిన విండోస్ 7కు సైతం మైక్రోసాఫ్ట్ అత్యవసర అప్‌డేట్ ఇచ్చింది. ఆ ఏడాదే సెప్టెంబరులో ప్రింటింగ్ రక్షణను బిగించిన మరో అప్‌డేట్ తర్వాత అనేక షేర్డ్ ప్రింటర్లు పనిచేయకపోవడంతో, విండోస్ అంతర్గత సెట్టింగ్‌లు ఉండే రిజిస్ట్రీలో ఒక విలువను మార్చి ఆ రక్షణనే తీసేయమన్న సలహా విస్తృతంగా ప్రచారమైంది. ఒక కాగితం అచ్చు కావడానికి కార్యాలయం తలుపు గడియ తీసిపెట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

సరైన మార్గం కష్టమైనదీ కాదు. ఈథర్‌నెట్ పోర్టు లేదా వైఫై ఉన్న ప్రింటర్‌ను నేరుగా రూటర్‌కు కలపాలి. అయితే నెట్‌వర్క్‌లోని పరికరాలకు అంకెల చిరునామాలను తాత్కాలికంగా కేటాయించే డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు, కొన్నాళ్లు ఆపి పెట్టిన ప్రింటర్‌కు వేరే చిరునామా ఇవ్వవచ్చు. అప్పుడు పాత చిరునామాకే పంపుతున్న కంప్యూటర్లలో ‘ఆఫ్‌లైన్’ అని కనిపిస్తుంది. రూటర్ సెట్టింగ్‌లలో ఆ ప్రింటర్‌కు ఒకే చిరునామాను రిజర్వు చేస్తే ఈ చిక్కు తీరుతుంది. ఐపీపీ, అంటే ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్ ఆధారంగా డ్రైవర్ లేకుండా పనిచేసే ప్రింటర్లకు, కంపెనీ ఇచ్చే ప్రత్యేక డ్రైవర్ కోసం వెతుకులాట కూడా చాలావరకు తప్పుతుంది.

కొత్త ప్రింటర్‌కు డబ్బు లేని పాఠశాల, మూలన పడిన పాత కంప్యూటర్‌లో లైనక్స్, కప్స్ అనే ఉచిత ప్రింటింగ్ వ్యవస్థ వేసి, యూఎస్‌బీ ప్రింటర్‌ను దానికి తగిలించి, అదే పనికి ప్రత్యేకించుకోవచ్చు, కాకపోతే తమ ప్రింటర్‌కు తగిన లైనక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా, ప్రింటర్ చిరునామానూ నిర్వహణ పాస్‌వర్డునూ నమోదు చేసి భద్రపరచే బాధ్యత ఒకరికి అప్పగించాలి; జీతాల పట్టికలు, ఆధార్ నకళ్లు ట్రేలో పడి ఉండకుండా, పిన్ నొక్కితేనే ప్రింట్ వచ్చే సౌకర్యం ఉన్నచోట దాన్ని తప్పనిసరి చేయాలి. ఇకపై ప్రింటర్ కొనుగోలు ఉత్తర్వుపై సంతకం పెట్టే ప్రతి అధికారీ ధరతో పాటు నెట్‌వర్క్ సౌకర్యాన్నీ షరతుగా రాయించాలి, ఎందుకంటే అక్కడ ఆదా చేసిన కొద్దిపాటి సొమ్మును తర్వాత చెల్లించేది సర్టిఫికెట్ల కోసం తిరిగే ప్రజలే.