కుదువబడిన చదువు

విద్యకై దేశాంతరమేగుట పాపమని మేమనము. సముద్రయానము చేసినవానిని కులమునుండి వెలివేసిన కాలము గతించినది. అది మరల రాగూడదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, 1926లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి వైస్ ఛాన్సలరైరి. 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవిని తృణప్రాయముగ త్యజించిరి. దరిశి చెంచయ్యగారు అమెరికాకు చదువబోయి, 1913లో పుట్టిన గదర్ పక్షమున జేరి స్వరాజ్యదీక్ష గైకొనిరి. యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు చేరి, ఆసుపత్రిలో సేవకవృత్తితో పొట్టబోసికొనుచు చదివి, బోదకాలు మొదలుగాగల వ్యాధులకు ఔషధములను లోకమునకు ప్రసాదించిరి. వీరెల్లరు సరిహద్దులు దాటినవారే. విదేశ విద్య వలదను ఛాందసమునకు వీరి జీవితములే సమాధానము.

అయిన నేడు మన యూళ్ళనుండి బయలుదేరుచున్న యాత్ర వేరు. వారు జ్ఞానమును వెదకికొని పోయిరి. నేటి బాలుడు తండ్రి పొలమును, తల్లి నగలను, తాత కట్టిన ఇంటిని కుదువబెట్టి, ఆ కుదువను విడిపించుకొనుటకై పోవుచున్నాడు. చదువు నెపము, అప్పు నిజము. ఈ కఠోరవాక్యము వ్రాయుటకు మాకు సంతోషము లేదు. కాని పఠనాలయములలో ఈ పత్రిక చదువు గృహస్థులకు నిజము చెప్పకుండుట మిత్రద్రోహమగును.

2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచున్న భారతీయులు 3,31,602 మంది యని అచ్చటి లెక్కలు చెప్పినవి. ఆ యేట మనవారు చీనావారిని మించిరి. ఈ జనసందోహమున తెలుగువారి పాలు ఎంత పెద్దదో హైదరాబాదులోని అమెరికా కన్సలేటు ముంగిట ఒక్క ఉదయము నిలిచినవారికి లెక్కలతో పనిలేక తెలియగలదు. చిలుకూరు బాలాజీ స్వామికి వీసాల దేవుడని పేరు వచ్చినది. కోరికకు 11 ప్రదక్షిణములు, అది తీరినపిదప 108! భక్తిని మేమాక్షేపింపము. పరదేశపు ఉద్యోగి వేయు ముద్రను మోక్షముగ భావించు స్థితికి మన యువకులను దెచ్చినదెవ్వరని మాత్రము అడుగుచున్నాము.

ఈ వ్యవహారమున మూలముననే ఒక అసత్యము దాగియున్నది. అమెరికా వారి 1952 నాటి శాసనము ననుసరించి, విద్యార్థి వీసా కోరు ప్రతివాడును ఆ దేశమున స్థిరపడనెంచినవాడనియే తొలుత భావింపబడును. కాదని ఋజువుచేసికొను భారము వానిదే. “చదువు ముగియగనే మాతృదేశమునకు మరలి వచ్చెదను; నా ఇల్లు అచ్చటనే యున్నది” అని ఆ పిల్లవాడు అధికారియెదుట నమ్మబలుకవలెను. మంచిది. ఇప్పుడు వాని అప్పుపత్రమును చూడుడు. రెండేండ్ల చదువునకు 40 లక్షల రూపాయలు నూటికి 11 వడ్డీచొప్పున దెచ్చెననుకొందము. అసలును ముట్టకుండ వడ్డీ మాత్రమే యేటికి 4,40,000; అనగా నెలకు 36,000 రూపాయలకు పైమాట. మన నగరములలో క్రొత్తగా పనిలో జేరిన ఇంజనీర్లలో పలువురికి నెలజీతము 30,000 ముట్టదు. చెప్పినమాట నిలుపుకొని మరలివచ్చినచో వడ్డీకే జీతము చాలదు. ఇల్లు వేలమునకు వచ్చును. అప్పు తీర్పనెంచినచో అచ్చటనే యుండవలెను. ఆడిన మాట తప్పవలెను. విద్యాభ్యాసమును అసత్యముతో నారంభింపుమని ఇరువదియేండ్ల బాలుని నిర్బంధించు ఏర్పాటును నాగరికమని యెవ్వరనగలరు?

పై అప్పునకు పూచీ యేమి? బ్యాంకుల ఆదర్శ పథకము ప్రకారము 7.5 లక్షల రూపాయలు మించిన విద్యాఋణమునకు ఆస్తి చూపవలసియుండును. ఆస్తిలేనివాడు ప్రైవేటు ఋణసంస్థల హెచ్చు వడ్డీలకో, ఊరి వడ్డీవ్యాపారులకో దొరకును. ఇక అచ్చట? చదువుచున్నంతకాలము విశ్వవిద్యాలయ ప్రాంగణములో వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదు. వెలుపల అనుమతిలేక పెట్రోలు బంకులోనో హోటలులోనో రహస్యముగ పనిచేసి పట్టుబడినచో చదువునకును, నివాసమునకును ఒక్కసారే నీళ్ళు వదలుకొనవలెను. పట్టము చేతికి వచ్చినపిదప 12 నెలలు, శాస్త్ర సాంకేతిక విద్యలవారికి మరి 24 నెలలు పనిలో శిక్షణ పొందవచ్చును. ఆ తొలి గడువులో నిరుద్యోగముగ 90 దినములు గడచినచో అది చెల్లదు. ఆపైని హెచ్-1బి యను పనిచీటి. సాధారణముగ సంవత్సరమునకు 65,000, అచ్చటి పెద్దపట్టములవారికి మరి 20,000, అంతియే. లోకములోని వారెల్లరు ఆ 85,000 స్థలములకే చేతులు చాతురు. ఒక కుటుంబపు మూడుతరముల కష్టార్జితము చీటీపాటకు దిగినది!

ఈ చీటీపాటను పందిరివేసి పెండ్లిగ జరిపించువారు కన్సల్టెన్సీలవారు. గోడలమీద, బస్సులమీద, సినిమాహాళ్ళలో వారి ప్రకటనలే. విద్యార్థికి హితము చెప్పువారమని వీరు చెప్పుకొందురు. కాని పలువురకు కూలి యిచ్చునది విద్యార్థిని తీసికొన్న కళాశాల. కొనువాని పక్షమున నున్నానని చెప్పుచు అమ్మువానియొద్ద రుసుము పుచ్చుకొనువానిని మన సంతలో దళారి యందురు. ఎద్దును కొనునప్పుడు దళారిమాట నమ్మని మన రైతు, కొడుకును పంపునప్పుడు మాత్రము నమ్ముచున్నాడు!

ఫలితము లోకవిదితమే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యను సంస్థపై అచ్చటి అధికారులు దాడిచేసిరి. పేరునకు విశ్వవిద్యాలయము; పని వీసాల విక్రయము. అందు చిక్కినవారిలో మనవారే పెక్కురు. కొందరి కాళ్ళకు, పశువుల మెడకు గంట గట్టినట్లు, జాడదెలుపు యంత్రములు గట్టిరి. ఆ సంస్థ యజమానికి 2014లో పదునారేండ్లకు మించిన కారాగారశిక్ష పడినది. సరి, అది ఒక వంచకురాలి పని. కాని 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ కథయో? మిషిగన్ రాష్ట్రమున వెలసిన ఆ విశ్వవిద్యాలయమునకు గురువులు లేరు, తరగతులు లేవు. దానిని స్థాపించినవారు సాక్షాత్తు అమెరికా ప్రభుత్వ గూఢచారులు! ప్రభుత్వమువారి ఆమోదిత సంస్థల పట్టికలో దాని పేరెక్కించి, వేలకొలది డాలర్ల రుసుము పుచ్చుకొని, పిదప ఆ విద్యార్థులనే చెరబట్టిరి. తొలుత పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు; వారిలో తెలుగువారే హెచ్చు.

“వారు తెలిసియే చేరిరి, తరగతులు లేని చోట చదువేమి?” అని కొందరందురు. తెలిసి చేరినవారు లేరని మేము వాదింపము. తప్పుచేసినవానికి శిక్ష తగినదే. కాని పల్లెనుండి పోయిన బాలుడు ఒక సంస్థ మంచిదో చెడ్డదో యెట్లు కనుగొనవలెను? ప్రభుత్వపు పట్టికను జూచియే గదా! ఆ పట్టికయే బోనైనప్పుడు పక్షిని దొంగయనుట యే ధర్మము? చెల్లించిన రుసుము తిరిగి యిప్పింపుడని వేసిన దావాను అచ్చటి క్రింది న్యాయస్థానము త్రోసివేయగా, 2024లో అప్పీలు న్యాయస్థానము అది విచారణార్హమని తీర్పుచెప్పినది. పరదేశ న్యాయస్థానమునకు తట్టిన సందేహము మన పెద్దలకు తట్టకుండుట వింత.

2025వ సంవత్సరము మిగిలియున్న భ్రమలనుగూడ తొలగించినది. ఏప్రిలులో వేలకొలది విదేశ విద్యార్థుల నమోదు హఠాత్తుగ రద్దయ్యెను. పలువురకు హేతువే తెలియదు. న్యాయస్థానములు అడ్డుతగిలినపిదప నెలాఖరున పునరుద్ధరించిరి. మేనెల 27న క్రొత్త వీసా విచారణల కేర్పాట్లు నిలిపివేసిరి; జూనులో మరల తెరచుచు, సామాజిక మాధ్యమములలోని మీ వ్రాతలెల్ల మాకు బాహాటముగ కనబడవలెనని ఆంక్ష పెట్టిరి. సెప్టెంబరు 19న, విదేశమునుండి క్రొత్తగ రప్పించుకొను హెచ్-1బి పనివానికి 1,00,000 డాలర్లు చెల్లింపవలెనని అధ్యక్షుని ప్రకటన వెలువడెను. ఎవరి ఇంట ఎవరిని రానిచ్చుట వారి యిష్టము. దానిని మేము ప్రశ్నింపము. రుసుము పుచ్చుకొనునపుడు “అతిథి” యనియు, పట్టము చేతికిచ్చినపిదప “చొరబాటుదారు” అనియు పిలుచు ద్వంద్వనీతిని మాత్రము ఖండించుచున్నాము. అంతకుమించి, ఒక రాత్రిలో మారిపోవు పరదేశపు ఉత్తరువుమీద తెలుగు సంసారముల భవిష్యత్తును నిలిపిన మన అవివేకమును ఖండించుచున్నాము.

అవివేకమున హెచ్చుభాగము పిల్లలది కాదు, ఏలికలది. 1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడిన నేరమునకు విద్యార్థులను వెడలగొట్టగా, వారు నైజాము ఎల్ల దాటిరి. నాగపూరు విశ్వవిద్యాలయము, వైస్ ఛాన్సలరు కేదారుగారి ఔదార్యమువలన, వారికి తలుపు దెరచినది. నాడు స్వగృహపు తలుపు మూసినవాడు నిరంకుశ ప్రభువు. నేడో? మనము ఎన్నుకొన్న మంత్రులే గదా! 2014 రాష్ట్రవిభజన శాసనమున ఇరు రాష్ట్రములకును గిరిజన విశ్వవిద్యాలయములు వాగ్దానము చేయబడినవి. తెలంగాణమునకు ములుగులో రావలసినదానికి పార్లమెంటు శాసనము చేసినది 2023 డిసెంబరులో. అనగా తొమ్మిదేండ్లు గడచినపిదప. ఉన్న విశ్వవిద్యాలయములలో ఆచార్యపదవులు యేండ్లతరబడి ఖాళీగ నుండగా, తాత్కాలికోపాధ్యాయులు చాలీచాలని వేతనముతో బండినీడ్చుచున్నారు. బోధనరుసుముల బకాయిలకై కళాశాలలు ప్రభుత్వముల ద్వారములయొద్ద పడిగాపులు గాచుచున్నవి. ఇంజనీరింగు పట్టము చేతబట్టి వచ్చిన బాలునకు పని రాదు. పని వచ్చినను జీతము చాలదు. ఇట్టి ఇంటినుండి బిడ్డలు పారిపోవుట ఆశ్చర్యమా?

“వారు పంపు డాలర్లతో ఊళ్ళు బాగుపడుచున్నవి గదా” యను వాదము మేమెరుగుదుము. నిజమే, గుడులు, బడులు, మేడలు వెలసినవి. గెలిచినవాని మేడ ఊరంతటికిని కనబడును. ఓడినవాని అప్పు వాని ఇంటిగోడల నడుమనే యుండును. మేడలను మాత్రము లెక్కించి ఇది లాభమని తేల్చుట, జూదశాలలో గెలిచినవానిని జూపి జూదము వృత్తియనుట వంటిది.

ఏమి చేయవలెను? కూలికై విదేశములకు మనుష్యులను పంపు ఏజెంట్లు 1983 శాసనముక్రింద ప్రభుత్వమున నమోదుకావలెను. విద్యార్థులను పంపు దళారిమీద ఆ కట్టుబాటు లేదు. ఇటుకబట్టీకి పంపువానికి లైసెన్సు, విశ్వవిద్యాలయమునకు పంపువానికి స్వేచ్ఛయా? పంజాబు రాష్ట్రము 2012లోనే ఇట్టి సలహాదారులకు లైసెన్సు శాసనము చేసికొన్నది. మన రెండు శాసనసభలు తత్సమానమైన శాసనము చేయవలెను. కళాశాలయొద్ద పుచ్చుకొను రుసుమెంతో దళారి తండ్రికి వ్రాతమూలకముగ తెలుపవలెనని అందు విధింపవలెను. విద్యార్థి దోషము లేకయే వీసా రద్దయినచో ఋణమునకు గడువునిచ్చి, ఆస్తి వేలమును ఆపు నిబంధన బ్యాంకులు చేర్పవలెను. విదేశములలోని మన రాయబార కార్యాలయములు చెరబడిన తరువాత సహాయముచేయుటకు ముందే, సందేహాస్పదములైన సంస్థలపేరులు తెలుగున ప్రకటింపవలెను. అన్నిటికి మించి, ఇచ్చటి ఆచార్యపదవులు నిండవలెను, ప్రయోగశాలలు తెరువబడవలెను. 1910లో కోపల్లె హనుమంతరావుగారును, వారి మిత్రులును, పరాయి ప్రభుత్వపు కనుసన్నలలో, చందాలు పోగుచేసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలిపిరి. స్వరాజ్యములో, ఖజానా చేతిలో నుండగా, మన మంత్రులు ఆపాటి చేయలేరా?

యువకులారా! పొండు, పోవలదని మేమనము. పోవుటకుముందు మూడు ప్రశ్నలకు కాగితముమీద సమాధానము వ్రాసికొనుడు. మీరు చేరబోవు శాఖలో బోధించు గురువెవ్వడు? మరలి రావలసినచో మీ అప్పు ఎన్నేండ్లకు తీరును? ఇంటికప్పు పోకుండ మీరు ఓడిపోగలరా? ఈ మూటికి సూటిగ ఉత్తరము వ్రాయగలిగినవాడు నిర్భయముగ సముద్రము దాటవచ్చును. వ్రాయలేనివానిని తొందరపెట్టువాడు, బంధువైనను, దళారియైనను, హితుడు కాడు.

తండ్రులారా! పొరుగింటి అబ్బాయి పోయెనని మన అబ్బాయిని పంపుట విద్యాదానము కాదు. ఇక ప్రభువులారా! మీ పిల్లలు ఏ దేశమున చదువుచున్నారో ప్రజలకు తెలియును. మా పిల్లలు ఈ దేశమున చదువుటకు తగిన బడి యెక్కడనో మీరు చూపువరకు, ఈ ప్రశ్న మిమ్ములను విడువదు, మేమును విడువము.