ట్రాన్స్‌లేటర్‌కి అందని భగీరథుడు

స్పేస్‌షిప్పులు, లేజర్ గన్నులు ఉన్న సీరియల్‌కి పాత పుస్తకాలతో ఏం పని అనుకుంటాం. కానీ స్టార్ ట్రెక్ వాళ్లు మొదటి నుంచీ వాటి మీదే పడ్డారు. 1966లో ఒక ఎపిసోడ్‌కి ఏకంగా షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లోని మాటల్నే పేరుగా పెట్టేశారు.

నాకు బాగా నచ్చింది మాత్రం 1991లో ‘ది నెక్స్ట్ జనరేషన్’లో వచ్చిన ‘డార్మాక్’. కెప్టెన్ పికార్డ్‌కి ఒక గ్రహాంతర జాతి ఎదురవుతుంది. షిప్‌లో ట్రాన్స్‌లేటర్ ఉంది. మాటల్ని మార్చి చెప్తుంది కూడా. అయినా ఒక్క ముక్క అర్థం కాదు! ఎందుకంటే వాళ్లు ఏం చెప్పాలన్నా తమ పాత కథల్లోని మనిషి పేరు, చోటు పేరు చెప్తారు, అంతే. కథ తెలిసినవాడికే భావం. చివరికి పికార్డ్, గాయపడి చావుకు దగ్గరైన వాళ్ల కెప్టెన్‌కి మన భూమ్మీది గిల్గమేష్ కథ చెప్తాడు. వేల ఏళ్ల కిందట మెసొపొటేమియాలో మట్టి పలకల మీద రాసుకున్న కథ అది. పలకలకు పేరుపడ్డ మార్కాపురం వాడిని కదా, ఆ సంగతి నాకు ఇంకా నచ్చింది.

నిజానికి మనం మాట్లాడేదీ అదే భాష. సైంధవుడిలా అడ్డుపడ్డాడంటాం. శల్య సారథ్యం అంటాం. పదానికి పదం మారిస్తే ఏం మిగులుతుంది?

‘భగీరథ ప్రయత్నం’ సంగతే చూడండి. మార్కాపురం, గిద్దలూరు వైపు నీళ్ల మాటొస్తే వెలిగొండ వస్తుంది, వెనకే భగీరథుడు వస్తాడు. పెద్ద కష్టం అనే అర్థంలో వాడేస్తాం. కానీ కథలో గంగ కోసం ముందు తాత అంశుమంతుడు, తర్వాత తండ్రి దిలీపుడు తపించారు. తేలేకుండానే పోయారు. అంటే అది ఒక్కడి కష్టం కాదు, తరాల ఎదురుచూపు.

కృష్ణా నీళ్లను కొండల్లో సొరంగాలు తవ్వి పశ్చిమ ప్రకాశానికి తేవాలన్న వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో జరిగింది. నా వయసు కంటే పెద్దది. నీళ్లొస్తాయని చెప్పి చెప్పి, చూడకుండానే కన్నుమూసిన పెద్దవాళ్లు మా వైపు ఏ ఊళ్లో లేరు? వాళ్ల గురించి చెప్పడానికి ఇంతకంటే సరైన మాట ఉందా? కథ తెలియకపోతే ఆ అర్థం మనకీ అందదు.

2024లో ‘కల్కి 2898 ఏడీ’ చూశాక అశ్వత్థామ ఎవరని ఫోన్‌లో వెతికిన ఫ్రెండ్స్ నాకున్నారు. మంచిదే. ఈసారి ఇంట్లో నాయనమ్మో తాతయ్యో ఇలాంటి మాటొకటి అంటే, దాని వెనక కథేంటో అడగండి. ఫోన్‌లో తర్వాత వెతుక్కోవచ్చు.