అర పాయింటు ఊరికే రాదు

2018 నవంబరులో లండన్‌లో మాగ్నస్ కార్ల్‌సన్, ఫాబియానో కరువానా ప్రపంచ చదరంగ కిరీటం కోసం పన్నెండు క్లాసికల్ గేములు ఆడారు. పన్నెండూ డ్రా అయ్యాయి. ఆ పోటీల చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. డ్రాల బెడద వదిలించాలంటే ఫుట్‌బాల్‌లో మాదిరిగా గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటే ఇవ్వాలన్న వాదన చాలాకాలంగా ఉన్నదే. రోగం తెలియకుండా ఇచ్చే మందు ఇది. పోటీ నాటికి కార్ల్‌సన్ రేటింగు 2835, కరువానాది 2832. అంత సరిజోడైన ఇద్దరిలో ఏ ఒక్కరూ పెద్ద పొరపాటు చేయకపోతే ఆట సమంగా తేలడమే న్యాయం. అలాగని ఆ డ్రాలు తేలిగ్గా వచ్చినవి కావు. తొలి గేములోనే నల్లపావులతో కార్ల్‌సన్ ప్రత్యర్థిని ఓటమి అంచుదాకా నెట్టాడు. సమయం కరిగిపోతున్నా కరువానా చలించలేదు; దాదాపు ఏడు గంటలు, 115 ఎత్తులు ఆడి గట్టెక్కాడు. ఆరో గేములో కథ తిరగబడింది. ఈసారి కరువానాకు గెలుపు దారి ఉందని కంప్యూటర్ కనిపెట్టింది గానీ, అది గ్రాండ్‌మాస్టర్లకే అంతుపట్టనంత చిక్కుదారి. బంటులు పోగేసుకుని ఒక పావును వదులుకున్న కార్ల్‌సన్ 80వ ఎత్తుదాకా కోటను కాపాడుకున్నాడు. ఓడిపోయేలా ఉన్న ఆటను నిలబెట్టడం గెలిచే ఆటను గెలవడం కన్నా చిన్న విద్యేమీ కాదు. డ్రా విలువను మూడో వంతుకు కోస్తే శిక్ష పడేది ఆ విద్యకే.

మరి పోరాడకుండానే చేతులు కలిపే డ్రాల సంగతేమిటి? ఈ అభ్యంతరం ముమ్మాటికీ సబబే. అదే పోటీ చివరి గేములో కార్ల్‌సన్, స్థితి తనకే మెరుగ్గా ఉండి, సమయం కూడా ఎక్కువ ఉండగా 31వ ఎత్తులో డ్రా ప్రతిపాదించాడు. పోటీ సమమైతే ఆడే వేగవంతమైన ర్యాపిడ్ గేముల్లో తనదే పైచేయి అన్న అతని లెక్క తప్పలేదు, టైబ్రేక్‌ను 3-0తో గెలిచాడు. కానీ తేలాల్సిన ఆట తేలకుండా పోయింది. దీనికి మందు పాయింట్లలో లేదు, రాజీని ఆపడంలో ఉంది. 2005లో సోఫియా టోర్నీ ఆ పనే చేసింది: ఆటగాళ్లు ఒకరికొకరు డ్రా ప్రతిపాదించుకోరాదని నిబంధన పెట్టింది. ఆడుతూనే ఉంటే ఏమవుతుందో 2024లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ కిరీటపు పోటీ చూపింది. తెలుగు మూలాలున్న చెన్నై కుర్రాడు గుకేశ్, అందరూ డ్రా అనుకున్న పద్నాలుగో గేమును ఒక్క బంటు ఆధిక్యంతో లాగుతూ పోయాడు. 55వ ఎత్తులో ప్రత్యర్థి డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలో పెట్టి ఆట చేజార్చుకున్నాడు. మన రెండు రాష్ట్రాల్లో టోర్నీలు నడిపేవారు పాయింట్ల జోలికి పోకుండా సోఫియా నిబంధనను తమ నియమావళిలో చేర్చుకోవాలి.