మేడి యెత్తు, స్టీరింగు యెత్తు



నాగలితో దున్నిన పెద్దలు మన గ్రామములలో ఇంకను ఉన్నారు. వారిని ఒకసారి అడిగి చూడుడు. క్రొత్త నాగలి చేయించుకొనుటకు పోయినపుడు వడ్రంగి "దున్నేది నువ్వా, మీ అబ్బాయా?" అని అడిగెడివాడు. పొడుగరికి మేడి కొంచెము ఎత్తుగను, పొట్టివానికి కొంచెము దిగువగను అమర్చి ఇచ్చెడివాడు. మేడి దిగువైనచో దున్నువాని నడుము వంగిపోవును. ఎత్తైనచో చేతికి పట్టు చాలదు. ఈ సంగతి తెలిసికొనుటకు వడ్రంగికి గాని రైతుకు గాని ఏ పుస్తకమును చదువవలసిన పని లేకపోయెను.

ఇప్పుడు డెల్టాలో దమ్ము పని చాలవరకు ట్రాక్టరులదే. ట్రాక్టరు కొనునపుడు ఎన్ని హార్సు పవరులని అడుగుదుము. గంటకు డీజిలు ఎంత పట్టునని అడుగుదుము. బ్యాంకు వాయిదా ఎంతని అడుగుదుము. దానిని నడుపు మనిషి చేతికి స్టీరింగు సరిగా అందునా, కాలికి క్లచ్చి అందునా అని మాత్రము అడుగము. మేడికి చూపిన శ్రద్ధ స్టీరింగునకు చూపుట లేదు. ఇది పొరపాటని నా అభిప్రాయము. ఈ పొరపాటును దిద్దుకొనుటకు కొందరు ఎన్నుకొనిన మార్గము, అనగా కంటికి ఇంపుగా నున్న క్రొత్త స్టీరింగు తెచ్చి బిగించుట, ఒక్కొక్కప్పుడు అంతకంటె పెద్ద పొరపాటగుచున్నది. కావున ఈ విషయమును వరుసగా ఆలోచింతము.

ఎవరి కొలతకు చేసిన యంత్రము?

మన దేశములో ట్రాక్టరుల తయారీ ఆరంభమైనపుడు నమూనాలు చాలవరకు విదేశములవి. 1959లో ఫరీదాబాదులో తయారైన ఐషర్ ట్రాక్టరుకు మూలము జర్మనీ. 1960లో మద్రాసులో నెలకొన్న టాఫే సంస్థ మాస్సీ ఫెర్గూసన్ నమూనాను చేపట్టినది. 1963లో మహీంద్రావారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారితో కలిసి ఈ రంగమున దిగిరి. సీటు ఎంత ఎత్తున ఉండవలెను, స్టీరింగు ఎంత దూరమున ఉండవలెను అను లెక్కలు ఆ దేశముల మనుష్యులను దృష్టిలో నుంచుకొని వేసినవి. మన వ్యవసాయ కార్మికుల శరీరపు కొలతలను దేశమంతట సేకరించి భోపాలులోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ 2009లో గ్రంథముగా వెలువరించినది. ఇటీవలి ట్రాక్టరులలో కొన్నిటికి స్టీరింగు వాలును మార్చుకొను వీలు, పవర్ స్టీరింగు కూడ వచ్చినవి. ఇది సంతోషింపదగిన మార్పే. అయినను డెల్టా గ్రామములలో పాత ట్రాక్టరులు ఇంకను తిరుగుచునే ఉన్నవి. పైగా ఎంత మంచి కొలతయైనను సగటు మనిషి కొలతయే కదా! మీ ట్రాక్టరుపై కూర్చుండు మనిషి సగటు మనిషి కాకపోవచ్చును.

సుఖము కొరకు మాత్రమే కాదు

"పనివానికి సుఖమెందుకు?" అని అనువారు కలరు. వారికి నా సమాధానము ఇది. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట కట్టిననాటి నుండియు, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను డెల్టా సేద్యపు తీరు ఒకటే. బందరు కాలువకు, రైవసు కాలువకు, ఏలూరు కాలువకు నీరు వదలగానే ఊరందరికి ఒకేసారి దమ్ము కావలెను. ఊడ్పుల కాలములో డ్రైవరు తెల్లవారక మునుపే ఎక్కి, లైట్ల వెలుతురులో కూడ నడుపుచుండును. వీపునకు ఆనుడు లేక, చేతులు చాచి, గంటల తరబడి కుదుపులు తినువానికి మొదట నడుము, తరువాత మెడ, భుజములు పట్టుకొనును. అలసినవాని చేతిలో దమ్ము చాలు సరిగా సాగదు, గట్లు తెగును, మూలలు మిగిలిపోవును.

దీనికంటె ముఖ్యమైనది ప్రాణము. నల్లరేగడి బురదలో వెనుక చక్రములు కూరుకొనిపోయినపుడు, లేక వాటికి దుంగ కట్టి పైకి లాగుటకు యత్నించునపుడు, చక్రములు తిరుగలేక ట్రాక్టరు ముందుభాగమే పైకి లేచును. అది వెనుకకు తిరుగబడు స్థితికి చేరుటకు ఒక సెకను కాలము కూడ పట్టకపోవచ్చును. ఆ క్షణమున డ్రైవరును కాపాడునది క్లచ్చిపై నున్న వాని పాదము ఒక్కటే. స్టీరింగు అందక సీటు అంచున కూర్చున్నవాడును, తొడలు స్టీరింగు క్రింద ఇరుకుకొన్నవాడును ఆ క్లచ్చిని వేళకు త్రొక్కలేరు. కాలువగట్టు దారిలో ఎదురుగా లారీ వచ్చినపుడు కూడ సంగతి ఇంతే. కూర్చుండు తీరు సరిగా నుండవలెననుట అందుకే.

మొదట సీటు, తరువాత స్టీరింగు

ఇచ్చట ఒక సామాన్యమైన విషయమును చెప్పవలసి యున్నది. సీటు దిండు చినుగును. దానిపై గోనెపట్టా మడిచి వేయుదుము. ఇంకొక యేడు గడచినచో ఇంకొక మడత. ఈ విధముగా మనిషి రెండుమూడు అంగుళములు పైకి లేచును. అప్పుడు స్టీరింగు తొడలకు తగులును. "స్టీరింగు కిందికుందండీ, మార్పించండి" అని డ్రైవరు అనును. "ఈసారి బెజవాడ వెళ్ళినప్పుడు కొత్తది వేయిద్దాంలేరా" అని ఆసామి అనును. ఇద్దరి మాటయు న్యాయముగనే కనబడును. కాని లోపమున్నది స్టీరింగులో కాదు, గోనెపట్టాలో. ఇరువురును సీటును చూడనే లేదు.

కావున డబ్బు తీయక మునుపు ఈ వరుసను పాటింపుడు. సీటు దిండు మంచిది వేయింపుడు. సీటు ముందు వెనుకలకు జరుపు పట్టాలు త్రుప్పుపట్టి యున్నచో శుభ్రపరచి గ్రీజు పెట్టింపుడు. డ్రైవరు బరువును బట్టి స్ప్రింగును బిగించు ఏర్పాటున్నచో దానిని వాడుడు. తరువాత ట్రాక్టరును నడుపు మనిషినే కూర్చుండబెట్టుడు. క్లచ్చిని, బ్రేకును పూర్తిగా త్రొక్కినపుడు కూడ మోకాలు కొద్దిగా వంగి యుండవలెను. వీపు వెనుక ఆనుడును తాకుచుండగనే రెండు చేతులు స్టీరింగు నిరుప్రక్కల అందవలెను. మోచేతులు పూర్తిగా చాపుకొనిపోరాదు. తొడకును స్టీరింగునకును మధ్య పిడికిలి దూరవలెను. ఇవి సరిపడినచో మీకు క్రొత్త స్టీరింగుతో పని లేదు.

"తిరుగుట బరువుగా నున్నది" అనునది ఇంకొక ఫిర్యాదు. ముందు టైర్లలో గాలి తక్కువైనను, ముందు ఇరుసు కింగ్‌పిన్నులలో గ్రీజు ఎండిపోయినను, స్టీరింగు పెట్టెలో నూనె తగ్గినను బరువుగనే తిరుగును. దమ్ములో దిగిన ట్రాక్టరుకు బురదనీరు ఆ సందులలోనికి చొచ్చుకొనిపోవును గనుక ఆ దినములలో ప్రతిదినము గ్రీజు పెట్టుట అవసరము. మెకానిక్కులు "ప్లే" అనెడి వృథా తిరుగుడు హెచ్చైనచో దానికి కారణము రాడ్ల చివరనుండు బాలు జాయింట్ల అరుగుదల గాని, పెట్టెలోని అరుగుదల గాని కావచ్చును. వీనిలో దేనికిని క్రొత్త స్టీరింగు మందు కాదు.

మార్చవలసి వచ్చినపుడు

అయితే స్టీరింగును ఎన్నడును మార్చరాదని నేను చెప్పుట లేదు. ఎండకు పగిలి లోపలి ఇనుము బయటపడిన స్టీరింగు అరచేతులను కోయును. వంగిపోయినది, ఊచ విరిగినది తప్పక మార్చవలెను. చేతిపట్టు మరీ సన్నముగా నుండి వ్రేళ్ళు తిమ్మిరెక్కుచున్నను మార్చవచ్చును. ఎట్టిది కొనవలెనన్నదే ప్రశ్న.

చిన్నదిగా నున్న "ఫ్యాన్సీ" స్టీరింగును చూచి మోసపోకుడు. ఇక్కడ చిన్న లెక్క కలదు. 40 సెంటీమీటర్ల అడ్డకొలత గల స్టీరింగును త్రిప్పుటకు 5 కిలోల బలము చాలుననుకొందము. దాని స్థానమున 32 సెంటీమీటర్లది వేసినచో అదే పనికి 6.25 కిలోల బలము కావలెను. అనగా నాలుగవ వంతు హెచ్చు. దినమునకు వందలకొలది మలుపులు త్రిప్పు చేతులపై ఈ నాలుగవ వంతు ఎంత భారమగునో మీరే ఊహింపుడు. పవర్ స్టీరింగు ఉన్నదిలే అని ధైర్యపడవలదు. ఇంజను ఆగిననాడు ఆ సాయము కూడ ఆగిపోవును. అట్లని మరీ పెద్దది వేసినచో తొడలకు, మీటలకు అడ్డు తగులును. తయారీదారు ఇచ్చిన కొలతయే మేలు. పట్టు కొంచెము లావుగను, తడిచేతికి జారనిదిగను ఉండవలెను. పైన తొడుగు వేయదలచినచో అది స్టీరింగుపై తిరుగనిదై యుండవలెను. జారెడి తొడుగుకంటె ఏ తొడుగు లేకుండుటయే మంచిది.

విజయవాడ జవహర్ ఆటోనగరు 1966లో ఏర్పడినది. అచ్చటి పనివారి నేర్పు జగమెరిగినది. లేతు పట్టి, వెల్డింగు చేసి వారు అమర్చలేని వస్తువు లేదనుట అతిశయోక్తి కాదు. సరిగా అందుచేతనే, ఏమి అడుగవలెనో ఏమి అడుగరాదో మనము తెలిసికొని పోవలెను. స్టీరింగు కడ్డీకి వెల్డింగు చేయింపకుడు. స్టీరింగును దగ్గరకు తెచ్చుటకై మధ్యన అతుకు ముక్క వేయింపకుడు. లోపలి పండ్లు కలియని స్టీరింగును రాపాడించి దూర్పింపకుడు. పట్టు వదలిన స్టీరింగు వట్టినే గిరగిర తిరుగును. ముందు చక్రములు తమ దారిన తాము పోవును. ఎదుట నున్నది కాలువ!

బిగించు విధము

ట్రాక్టరును చదునైన చోట నిలిపి, ముందు చక్రములను తిన్నగా ఉంచి, ఇంజను ఆపి, చేతిబ్రేకు వేయుడు. హారను తీగ స్టీరింగులోనికి వచ్చినచో బ్యాటరీ తీగ విప్పుడు. పాత స్టీరింగు ఉన్న స్థితిని సుద్దతో గుర్తు పెట్టుకొనుడు. నట్టును వదులు చేయుడు గాని పూర్తిగా తీసివేయక రెండుమూడు చుట్లు ఉండనిండు. లేనిచో స్టీరింగు ఒక్కసారిగా ఊడి ముఖమునకు తగులవచ్చును. పుల్లరుతో లాగి తీయవలెను. క్రిందినుండి సుత్తితో కొట్టుట మన అలవాటు. ఆ దెబ్బలు కడ్డీ గుండ దిగి లోపలి బేరింగులను పాడుచేయును.

కడ్డీ పండ్లను శుభ్రపరచిన పిదప క్రొత్త స్టీరింగు చేతితోనే సాఫీగా దిగవలెను. గుర్తు ప్రకారము నిలిపి, వాషరు వేసి, కంపెనీ పుస్తకములో చెప్పిన బిగువునకు నట్టును బిగింపవలెను. తరువాత ఇరుప్రక్కలకు చివరివరకు త్రిప్పి, ఏ మీటకును తగులుట లేదని చూచి, ఖాళీ పొలములో మెల్లగా నడిపి చూడవలెను. మొదటి దినపు పని ముగియగానే నట్టును మరల సరిచూడుట మరువరాదు. క్రొత్తదైనను పాతదైనను స్టీరింగు పట్టునపుడు బొటనవ్రేళ్ళను ఊచల లోపలికి పోనీయరాదని డ్రైవరులకు చెప్పుడు. ముందు చక్రము గట్టునకు గాని మొద్దునకు గాని తగిలినపుడు స్టీరింగు ఎదురుతన్ని వ్రేలిని విరుగగొట్టును.

ఆసాములకు ఒక మాట

"డ్రైవర్లు ఏటేటా మారుచుందురు, ఎవరి కొలతకని అమర్చేది?" అని మీరు అడుగవచ్చును. అందుకే సీటు జరుగునదిగా నుండవలెను. క్రొత్త డ్రైవరు వచ్చిననాడు తాళముచెవి ఇచ్చుటకు ముందు పది నిమిషములు వానిని కూర్చుండబెట్టి సీటు సరిచేయింపుడు. "బాగా అందుతోందా?" అని అడుగుడు. అడుగనిదే అతడు చెప్పడు. పని పోవునేమో అని మొగమాటపడును.

ట్రాక్టరు నడుపుటలోను, దాని పోషణలోను శిక్షణ కావలసినవారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. డెల్టా రైతులకు ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రములు దగ్గరలోనే ఉన్నవి. యంత్ర ప్రదర్శనలు జరుపునపుడు దున్నుడు లోతుతోపాటు కూర్చుండు తీరును కూడ చూపవలసినదిగా మా శాఖవారిని సైతము కోరుచున్నాను.

ఎద్దు మెడకు కాడి ఒరసి పుండు పడినచో ఆ పూటకు అరక కట్టని రైతులు మనవారు. పుండు మానిన తరువాత కాడిని చెక్కించి గాని మరల పూన్చెడివారు కారు. నోరులేని ఎద్దుపై చూపిన ఆ దయ, నోరుండియు చెప్పుకొనలేని డ్రైవరుపై చూపుటకు వెనుదీయము గదా! ఈ ఏడు కాలువకు నీరు రాకమునుపే మీ ట్రాక్టరు వద్దకు పోయి గోనెపట్టా ఎత్తి చూడుడు. దానిక్రింద ఏమున్నదో చూచిన పిమ్మట స్టీరింగు సంగతి ఆలోచింపవచ్చును.