కేసు షీటులో రాయని కారణం

పార్లమెంటులో గాలి కాలుష్యం గురించి ఎవరు ప్రశ్న వేసినా ప్రభుత్వం నుంచి వచ్చే జవాబు ఏళ్ల తరబడి దాదాపు ఒక్కటే. కేవలం గాలి కాలుష్యం వల్లే ఫలానా మరణం జరిగిందని తేల్చి చెప్పే సమాచారం తమ దగ్గర లేదట. ఆ జవాబు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. నెల తిరక్కుండా పోయిన పసికందు కేసు షీటులో ‘నెలలు నిండలేదు’ అని రాస్తారు. ‘బరువు తక్కువ’ అని రాస్తారు. ఆ తల్లి కడుపుతో ఉన్నన్నాళ్లూ ఏ గాలి పీల్చిందో రాసే గడి నేను చూసిన ఏ కాగితంలోనూ లేదు. అడగరు కాబట్టి రాయరు, రాయరు కాబట్టి లెక్కకు రాదు, లెక్క లేదు కాబట్టి సమాచారం లేదంటారు!

సమాచారం లేదా? బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కాన్పయిన తల్లుల మాయను పరీక్షించి, బిడ్డ వైపు పొరలో కూడా మసి రేణువులు ఉన్నాయని 2019లో చూపించారు. మూడేళ్ల తర్వాత స్కాట్లాండు శాస్త్రవేత్తలతో కలిసి చేసిన పరిశోధనలో పిండాల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో కూడా అవి దొరికాయి. ఇంకా మొదటి ఊపిరి తీయని బిడ్డ ఊపిరితిత్తుల్లో మసి! బెల్జియం గాలి మన గాలి కంటే ఎంతో శుభ్రమైనది. అక్కడే అలా ఉంటే, మన తల్లుల కడుపులో ఏముందో తలచుకోవడానికే భయం వేస్తుంది.

ఈ మసితో సహా పీఎం 2.5 అనే సన్న రేణువులు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకు మించవు. ముక్కు వాటిని ఆపలేదు. ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లి రక్తంలో కలుస్తాయి, మాయలో వాపు తెస్తాయి, బిడ్డకు అందే రక్తప్రసరణను తగ్గిస్తాయి. కట్టెల పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అయితే రక్తంలో ఆక్సిజన్ చేరాల్సిన చోటును తానే ఆక్రమిస్తుంది. మన దేశంలో కడుపుతో ఉన్నవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఒంట్లో ఉన్న ఆ కాస్త రక్తం సత్తువను కూడా పొగే దోచుకుంటోంది. 2019లో ఒక్క భారతదేశంలోనే, గాలి కాలుష్యం కారణంగా పుట్టిన నెలలోపే 1,16,000 మందికి పైగా శిశువులు చనిపోయారని ‘స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్’ నివేదిక లెక్కగట్టింది. అది అంచనా మాత్రమేనని కొట్టిపారేస్తారని తెలుసు.

సరే, అంచనా వద్దు, తూకం చూడండి. 2008 ఒలింపిక్స్ కోసం బీజింగ్‌లో కొన్ని వారాలు ఫ్యాక్టరీలు ఆపారు, కార్లను తగ్గించారు. ఆ వారాల్లో ఎనిమిదో నెల గడిపిన తల్లుల బిడ్డలు, 2007, 2009ల్లో అదే కాలంలో ఎనిమిదో నెల గడిపిన తల్లుల బిడ్డల కంటే సగటున 23 గ్రాములు ఎక్కువ తూగారు. అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా టోల్ గేట్ల దగ్గర బండ్లు ఆగకుండా వెళ్లే ఏర్పాటు వచ్చాక, చుట్టుపక్కల రెండు కిలోమీటర్లలోపు కాపురముండే తల్లుల్లో నెలలు నిండని కాన్పులు 10 శాతానికి పైగా తగ్గాయి. ఎవరికీ మందు ఇవ్వలేదు, మాత్ర ఇవ్వలేదు. పొగ తగ్గింది, అంతే. మన పక్కనే చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ వాళ్లు తమిళనాడులో 1,285 మంది గర్భిణులను గమనించి, పీఎం 2.5 ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగిన కొద్దీ బిడ్డ సగటు బరువు 4 గ్రాములు తగ్గుతోందని, బరువు తక్కువ బిడ్డలు 2 శాతం పెరుగుతున్నారని 2018లో ప్రచురించారు. నాలుగు గ్రాములే కదా అనకండి, అది ప్రతి 10 మైక్రోగ్రాములకూ. ఏడాది సగటు 5 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే మన ప్రమాణమే 40 వరకు ఒప్పుకుంటోంది.

ఇంత తెలిసీ బరువు తక్కువ బిడ్డ పుడితే మనం ఎవరిని నిలదీస్తున్నాం? తల్లిని. ఐరన్ మాత్రలు వేసుకోలేదా, గుడ్డు తినలేదా, బరువులెత్తావా అని ఇంట్లో అత్తగారు మొదలుకుని ఆసుపత్రిలో డాక్టరమ్మ దాకా ప్రశ్నలే. ఏ పొయ్యి మీద వండుతున్నావమ్మా, ఇంటి పక్కన ఏం కాలుస్తున్నారమ్మా అని మాత్రం ఎవరూ అడగరు. గ్రహణం పట్టిన రెండు మూడు గంటలు కడుపుతో ఉన్న పిల్లను కదలనివ్వం, గోరు గిల్లుకోనివ్వం, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుతాం. ఏ హానీ చేయని నీడకు అంత భయం! మర్నాడు తెల్లారేసరికి అదే పిల్ల పెరట్లో నీళ్ల పొయ్యి ముందు కళ్లు తుడుచుకుంటూ ఊదుతుంటే ఏ ఒక్కరికీ గుండె గుభేలుమనదు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ ఇళ్లకు గ్యాసు చేరింది. నిజమే, అది మంచి పనే. కానీ సిలిండరు అన్నానికీ కూరకూ దాచుకుని, స్నానాల నీళ్లకు కట్టెలు పెట్టే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కాన్పయ్యాక తలుపులు బిగించిన పురిటి గదిలో నిప్పుల కుంపటి, బిడ్డ తల ఆరడానికి సాంబ్రాణి పొగ. అమ్మమ్మలను నేను తప్పుపట్టను. ఆ పొగ పసిగుడ్డుకు పడదని వాళ్లకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

కుంపటి ఇల్లాలు ఆర్పగలదు. ఓడరేవు బొగ్గు ధూళిని ఎలా ఆపుతుంది? విశాఖ పాత నగరంలో ఆరేసిన బట్టల మీదా కిటికీ అంచుల మీదా నల్ల పొర గురించి జనం మొత్తుకోవడం ఈనాటిది కాదు. పేదింటి ఆడవాళ్లు కాన్పులకు వెళ్లే ఘోషా ఆసుపత్రి కూడా ఆ నగరంలోనే ఉంది. టార్పాలిన్లు కప్పుతున్నాం, నీళ్లు చల్లుతున్నాం అన్న మాటలు విని విని జనానికి విసుగెత్తింది. ఒడిశాలోని బలంగీర్ నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే ఆడవాళ్లు నెలలు నిండుతున్నా బట్టీ పక్క గుడిసెలోనే ఉంటారు. వాళ్లను మాస్కు పెట్టుకోమంటారా?

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. ఆంధ్రలో 13 పట్టణాలు, తెలంగాణలో హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఆ జాబితాలో ఉన్నాయి. ఆ డబ్బు ఎటు పోయిందో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీస్తే, ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము అణచడానికే పోయింది. పట్టణాలకు మార్కులు వేసేది కూడా పెద్ద రేణువుల పీఎం 10 చూసే. మాయను దాటి బిడ్డ మెదడులో చేరే సన్న రేణువు తగ్గిందా లేదా అన్నదానికి మార్కులే లేవు. రోడ్లు ఊడ్చిన ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి.

సమాచారం లేదన్నారుగా, ఎక్కడుందో నేను చెబుతాను. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల రిజిస్టరులో బిడ్డ పుట్టిన తేదీ, బరువు, ఎన్నో వారంలో పుట్టిందో ఉంటాయి. గాలి కొలిచే యంత్రాల లెక్కలు కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉన్నాయి. బీజింగ్‌లో ఇలాంటి రెంటినీ పక్కపక్కన పెట్టే జవాబు తీశారు. రెండూ మీ శాఖలవే. విశాఖలో ఒక్క ఏడాదివి, పటాన్‌చెరులో ఒక్క ఏడాదివి కలిపి చూడమని ఉత్తర్వు ఇవ్వండి. చూసి, వచ్చిన లెక్కను పార్లమెంటు ముందు పెట్టండి. అంతదాకా మీ నోట సమాచారం లేదన్న మాట నేను నమ్మను. మీకు చూడటం ఇష్టం లేదు.